'ఎమ్' సినిమా వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' వేస్తున్నారని, ఆ తర్వాత నువ్వే మాట్లాడాలని రాశావు. చాలా సంతోషం తల్లీ. దాని గురించి ఎవరేమన్నారో ఇప్పుడే చదవకు. ముందు ఒంటరిగా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. 1931లో వచ్చిన ఆ సినిమా లాంగ్‌కి మొదటి టాకీ. నేపథ్య సంగీతం ఉండదు, పిల్లల్ని చంపే హంతకుడు ఈల వేసే, సంగీతకారుడు గ్రీగ్ ట్యూన్ తప్ప. వాణ్ని పట్టించేదీ ఆ ఈలే, గుర్తుపట్టేది బెలూన్లమ్మే ఒక అంధుడు. వాడి చేతికి చిక్కిన చిన్నారి ఎల్సీని తల్లి పిలుస్తుంటే ఖాళీ మెట్లు, ఖాళీ కంచం, దొర్లి ఆగిపోయే బంతి, తీగలకు చిక్కుకున్న బెలూన్ కనిపిస్తాయి. హత్య మాత్రం ఎక్కడా చూపించడు. ఇంత నిగ్రహం నేను మరే క్రైమ్ సినిమాలోనూ చూడలేదు.

డ్యూసెల్‌డార్ఫ్‌లో వరుస హత్యలు చేసిన పీటర్ క్యూర్టెన్ కథే ఇదని పోస్టర్ మీద వేయకండి. ఆ కేసు అప్పట్లో జర్మనీని వణికించిన మాట నిజమే కానీ, సినిమా అతని జీవితకథ కాదు. కత్తిరించిన ప్రింట్లు కూడా ఏళ్ల తరబడి తిరిగాయి. దాదాపు 110 నిమిషాలుండే, బాగుచేసిన ప్రింటే తెప్పించు.

నీ మాటల్లో ఎక్కువ భాగం చివరి ఘట్టానికే ఉంచుకో. మూతపడ్డ సారా ఫ్యాక్టరీలో దొంగలే హంతకుణ్ని పట్టుకొచ్చి కోర్టు పెడతారు. హంతకుడిగా వేసిన పీటర్ లోరే మోకాళ్ల మీద పడి, తనలోని ఆ పిశాచాన్ని ఆపుకోలేకపోతున్నానని ఏడుస్తాడు. సినిమా విడుదలైన నెలలోనే నాజీ నాయకుడు గోబెల్స్ దీన్ని చూసి, మరణశిక్షను సమర్థిస్తోందని డైరీలో మెచ్చుకున్నాడు. మరెందరో సరిగ్గా దానికి వ్యతిరేకంగా అర్థం చేసుకున్నారు. అలా మెచ్చుకున్న నాజీలే అధికారంలోకి వచ్చాక 1934లో సినిమాను నిషేధించారు. యూదుడైన లోరే అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయాడు. 1940లో వాళ్లు ఆ ఏడుపు సీన్‌నే కత్తిరించి, యూదుల మీద ద్వేషం రెచ్చగొట్టే ప్రచార సినిమాలో అతికించారు. ఒక నటుడికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఇదంతా ముందే చెప్పేస్తే పిల్లలు గోబెల్స్ కళ్లతోనో, అతని శత్రువుల కళ్లతోనో చూస్తారు. అందుకే సినిమాకు ముందు అందరికీ చీటీలిచ్చి, ఇలాంటి హంతకుడికి ఏ శిక్ష వేస్తారో రాయించు. అయ్యాక మళ్లీ రాయించు. ఆ రెండు చీటీలూ పైకి చదివిన తర్వాతే చరిత్ర మొదలుపెట్టు.

మీ మామయ్య