పాత రైల్వే స్టేషన్ల సున్నపు గోడలకు సిమెంటు పూత పూస్తే అవి ఎక్కువ కాలం నిలుస్తాయా?

నిలవవు, సున్నంతో కట్టిన పాత స్టేషను గోడకు సిమెంటు పూస్తే అది మరింత త్వరగా దెబ్బతింటుంది. ఇటుక పీల్చుకున్న తేమ సున్నపు పూత గుండా మెల్లగా ఆరిపోతుంది గాని, సిమెంటు దానిని చాలావరకు అడ్డుకోవడంతో, లోపల నిలిచిన నీటిలోని లవణాలు ఇటుకలోనే స్ఫటికాలుగా పెరిగి, దానిని పొరలు పొరలుగా రాలుస్తాయి. ఉదాహరణకు, మద్రాసు–బెజవాడ రైలు మార్గం పూర్తయిన 1899 నాటి గోడ ఏదైనా నెల్లూరు, ఒంగోలు వంటి తీరప్రాంతంలో మిగిలి ఉంటే, ఉప్పుగాలి వల్ల దానికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సిమెంటు గట్టిది కాబట్టి మేలన్నది అపోహ: ఇటుకల మధ్య సందుల్లో (దరజుల్లో) నింపే సున్నం ఇటుక కన్నా మెత్తగానే ఉండాలి, అరిగితే అదే అరగాలి (దానిని మళ్లీ నింపవచ్చు, ఆనాటి ఇటుకను మాత్రం తేలేము).