పాలిచ్చే తల్లి బయాలజిక్ ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) ఉంది డాక్టర్ గారూ. బాబుకి రెండు నెలలు. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి వాడి చొక్కా గుండీ కూడా పెట్టలేకపోతున్నా. అడాలిముమాబ్ అనే బయాలజిక్ ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెడదాం అంటున్నారు, పాలు మాన్పించాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఈ నొప్పి ఓర్చుకుంటూ కూర్చోవద్దు కూడా. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్ లాంటి బయాలజిక్‌లు, అంటే జీవకణాల సాయంతో తయారుచేసే మందులు, చాలా పెద్ద ప్రోటీన్లు, పాలలోకి వెళ్ళేదే అతి కొంచెం, ఆ కొంచెం కూడా బాబు పొట్టలో మామూలు ప్రోటీన్‌లాగే చాలావరకు అరిగిపోతుంది, అందుకే ఇంజెక్షన్ వేసుకున్న రోజు పాలు పిండి పారబోయాల్సిన పని లేదు. ఇదే రకం మందు సెర్టోలిజుమాబ్ అయితే పాలలో దాదాపు కనిపించదు. మెథోట్రెక్సేట్, టోఫాసిటినిబ్ మాత్రలు మాత్రం వేరే సంగతి, పాలిచ్చేటప్పుడు వాటిని వద్దనే అంటాం. బాబు నెలలు నిండకుండా పుట్టి ఉంటే ముందు పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది, కడుపుతో ఉన్నప్పుడు చివరి నెలల్లో ఈ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే మందు మాయ గుండా బిడ్డకి చేరి కొన్ని నెలలు ఒంట్లో ఉండొచ్చు, కాబట్టి బీసీజీ, రోటావైరస్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసేవి) వేయించేముందు ఆ మాట తప్పకుండా చెప్పండి.