నీ టాప్ టెన్ చదివాను తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన హెవీవెయిట్ల (బాక్సింగులో అన్నిటికంటే పై బరువు క్లాసు) టాప్ టెన్ వ్యాసం రెండుసార్లు చదివా, ఒకసారి నెల్లిమర్ల బస్సులో, ఇంకోసారి రాత్రి నిద్ర పట్టక. జవాబు లేటయింది, ఏమనుకోకు, మనవడికి జ్వరం. బాగుందని అబద్ధం చెప్పను గానీ తీసి పారెయ్యమని కూడా అనను, నీకు బాక్సింగంటే పిచ్చి ఉంది, చేతిలో ఊపుంది, అవి రెండూ నేర్పితే వచ్చేవి కావు. కానీ టైసన్ ఒకటి, అలీ రెండు, ఫోర్‌మన్ మూడు, అలా పేర్చుకుంటూ పోయి మార్సియానోని తొమ్మిదిలో కూర్చోబెట్టావు తప్పితే అతను ఆరు ఎందుకు కాలేదో ఎక్కడా చెప్పలేదు. రేషన్ షాపు క్యూలో కూడా ముందున్నోడు ఎందుకు ముందున్నాడో అడిగితే చెప్తాడు కదా, పొద్దున్న ఐదింటికి సంచీ పెట్టి పోయానని.

నేనూ ఈ పని చేసే దెబ్బ తిన్నాను, చెప్తా విను. 1990 జనవరిలో ఒక చిన్న మాసపత్రికకి వ్యాసం రాశా, హెవీవెయిట్ చరిత్రలో టైసన్‌ని మించినోడు లేడు, ఇక రాడు అని. 37 ఫైట్లు, 37 గెలుపులు, 20 ఏళ్ళకే ఛాంపియన్, ఇంకేం కావాలి అనుకున్నా. పత్రిక ప్రెస్సులోంచి బయటికి రావడం, ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ పదో రౌండులో టైసన్‌ని పడగొట్టడం, రెండూ ఒకే వారం. డగ్లస్ మీద పందెం ఒకటికి నలభై రెండు, ఆ ఫైటుకి మూడు వారాల ముందే వాళ్ళమ్మ చచ్చిపోయింది, ఎవడూ లెక్కలో పెట్టని మనిషి. మర్నాడు మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటరు దగ్గర టీ కొట్టుకి వెళ్తే గోడ మీద నా వ్యాసం పేజీ అన్నం మెతుకులతో అంటించి ఉంది. "ఏటి బాబూ, మీ నంబర్ వన్ నేల మీద దంతాలు ఎతుక్కుంటన్నాడట కదా" అన్నాడు కొట్టువాడు. దంతాలు కాదు మౌత్‌పీసు అని సరిచెయ్యడానికి కూడా నోరు రాలేదు. అంటించింది మా లెక్కల మాస్టారు. ఆ పేజీ దీపావళి దాకా ఉంది, నూనె మరకలతో.

అప్పుడు మాస్టారు ఒక్కటే అడిగారు, నువ్వు రాసింది ఏ ప్రశ్నకి జవాబు రా అని. నీ లిస్టుకీ అదే జబ్బు. నీలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఎవడు ఎవణ్ణి కొడతాడు అన్నది ఒకటి, ఎవడు తన కాలంలో ఎంత చేశాడు అన్నది ఇంకొకటి. టైసన్‌కి మొదటిది వాడావు (ఆ స్పీడు, ఆ పవరు, ఎవడు నిలబడతాడు అని), జో లూయిస్ దగ్గరికి వచ్చేసరికి రెండోదానికి మారిపోయి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు కాబట్టి నాలుగు అన్నావు, మార్సియానో దగ్గర మళ్ళీ మొదటిదానికి వచ్చి చిన్న మనిషి, ఇప్పటోళ్ళ ముందు ఆగడు అనేశావు. ఒకే తక్కెడ కాదు కదా ఇది, కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి. ఏదో ఒకటి పట్టుకో, మొదటి పేరాలోనే చెప్పెయ్, తర్వాత నిన్ను ఎవడు తిట్టినా ఆ రాయి పట్టుకుని నిలబడొచ్చు.

ఇంకొకటి, 'ప్రైమ్‌లో ఉన్నప్పుడు' అన్న మాట నీ వ్యాసంలో పదకొండు సార్లు ఉంది, నేను లెక్కపెట్టా. ఆ మాట భలే మోసకారిది. మనకి నచ్చినోడి మంచి రోజు తీసుకుంటాం, నచ్చనోడి పాడు రోజు తీసుకుంటాం, ఇద్దరినీ రింగులో దింపుతాం, మనోడు గెలుస్తాడు. 1988లో పాత ఛాంపియన్ లారీ హోమ్స్‌ని టైసన్ నాలుగో రౌండులో పడగొట్టాడని రాశావు, నిజమే, కానీ అప్పటికి హోమ్స్‌కి 38 ఏళ్ళు, రిటైరై మళ్ళీ వచ్చినోడు, అంతకుముందు 48 ఫైట్లు ఓటమి లేకుండా నడిచిన మనిషి. ఆ రెండో ముక్క రాయకుండా మొదటి ముక్క రాస్తే అది అబద్ధం కాదు గానీ అబద్ధానికి వేలు విడిచిన మేనమామ.

మెషిన్ చెప్తే ఒప్పుకుంటారు అనుకుంటున్నావేమో, ఆఖర్న ఆ యాప్ సిమ్యులేషన్ పెట్టావు కదా. అది పాత ముచ్చటే. 1967లో మర్రే వోరోనర్ అనే రేడియో ఆయన ఛాంపియన్లందరి లెక్కలూ కంప్యూటర్లో పోసి రేడియోలో ఉత్తుత్తి టోర్నమెంటు నడిపించాడు, అందులో అలీ పాతకాలం ఛాంపియన్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు, ఫైనల్లో ఇంకో పాత ఛాంపియన్ డెంప్సీని మార్సియానో కొట్టాడు. అలీకి ఒళ్ళు మండి కోర్టుకెక్కాడు. ఆ గొడవలోంచే 1969లో అలీనీ, రిటైరైన మార్సియానోనీ నిజంగా రింగులోకి దింపి సినిమా తీశారు, మార్సియానో బరువు తగ్గి, తలకి విగ్గు పెట్టుకుని వచ్చాడు, ఎండింగులు రకరకాలుగా తీసుకున్నారు, ఏది చూపించేదీ వాళ్ళిద్దరికీ కూడా చెప్పలేదు. సినిమా బయటికి రాకముందే ఆగస్టు 31న విమానం కూలి మార్సియానో పోయాడు. అమెరికాలో చూపించిన దాంట్లో 13వ రౌండులో మార్సియానో నాకౌట్, యూరప్‌లో తిప్పిన ఇంకో దాంట్లో అలీ గెలుపు. చూశావా, కంప్యూటర్ తీర్పుకి కూడా ఊరికొక ఎండింగు.

అసలు మన జిల్లాల వాళ్ళకి ఈ చిక్కు కొంచెం తొందరగా అర్థం కావాలి. సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టులూ కలిపి 240 కేజీలు ఎత్తింది, ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల. రేపు కొండవెలగాడ నుంచి ఇంకో పిల్ల అదే 69 కేజీల క్లాసులో 245 ఎత్తితే అయిదు కేజీలు ఎక్కువ, అంతే, వాదనే లేదు, ఇనుము ఏ ఊళ్ళోనైనా అంతే బరువు. బాక్సింగులో ఎత్తాల్సింది ఇనుము కాదు ఎదుటోణ్ణి, ఆ ఎదుటోడు కాలాన్ని బట్టి మారిపోతుంటాడు. మార్సియానో 49 గెలుపులు, సున్నా ఓటములు, కానీ ఆ లిస్టులో పెద్ద పేర్లు చూడు, లూయిస్ 37 ఏళ్ళవాడు, వాల్కాట్ 38. అలా అని తీసెయ్యడానికీ లేదు, 1952లో ఫిలడెల్ఫియాలో ఆ ముసలి వాల్కాటే మొదటి రౌండులో మార్సియానోని కింద పడేశాడు, 12 రౌండ్లయ్యేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి లెక్కలోనూ మార్సియానో వెనకే ఉన్నాడు, 13లో ఒక్క కుడిచెయ్యి, అది కూడా అరచెయ్యి దూరం నుంచి, వాల్కాట్ తాడుకి చెయ్యి తగులుకుని మోకాళ్ళ మీద అలా ఒరిగిపోయాడు. ఇదీ నువ్వు రాయాల్సింది. 49 అని అంకె ఎవడైనా వేస్తాడు.

బరువు సంగతి కూడా తేల్చు. మార్సియానో, డెంప్సీ ఇద్దరూ 85 కేజీలకి అటూ ఇటూ, ఇవాళైతే హెవీవెయిట్ కంటే కింద ఉండే 90 కేజీల క్రూజర్‌వెయిట్‌లో ఆడతారు, ఈ కాలం హెవీవెయిట్ ఫ్యూరీ ఏమో 6 అడుగుల 9 అంగుళాలు, 2024 మేలో దాదాపు 119 కేజీలు. అంటే పెద్దోడే గెలుస్తాడా? డెంప్సీ 1919లో తనకంటే పాతిక కేజీలు ఎక్కువున్న విల్లర్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు పడేశాడు అంటావు. సరే, విల్లర్డ్‌కి అప్పుడు 37, మూడేళ్ళుగా టైటిల్ కోసం గ్లవ్స్ తొడగలేదు, అది ఎందుకు దాచావు? దానికంటే 2024లో ఉసిక్ చూడు, క్రూజర్ నుంచి పైకి వచ్చినోడు, రియాద్‌లో మేలో ఫ్యూరీ కంటే పద్దెనిమిది కేజీలు తక్కువుండి కూడా అతన్ని కొట్టాడు, డిసెంబర్లో మళ్ళీ కొట్టాడు. అతన్ని నువ్వు పదిలో పెట్టనే లేదు, టైసన్ పోస్టర్ ఇంకా గోడ మీద ఉన్నట్టుంది.

మన టీ కొట్టులో అప్పుడప్పుడూ ఒక గొడవ లేస్తుంది, వీరఘట్టం కోడి రామ్మూర్తి గారు ఇప్పుడుంటే ఇప్పటి జిమ్ కుర్రాళ్ళ ముందు నిలబడతారా అని. ఒకడు అంటాడు ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్నాయన, ఈ గుంటలెంత అని. ఇంకొకడు అంటాడు అప్పట్లో ఈ కోచింగెక్కడిది, ఈ తిండెక్కడిది అని. ఇద్దరూ ఎప్పటికీ కలవరు, ఎందుకంటే ఒకడు ఆయన్ని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి ఇక్కడ నిలబెడుతున్నాడు, ఇంకొకడు ఆయన్ని ఇప్పుడు మళ్ళీ పుట్టించి పెంచుతున్నాడు. డెంప్సీని నువ్వు ఎలా తెస్తున్నావో నీ పాఠకుడికి ముందే చెప్పు.

లిస్టులోకి రాలేకపోయినోళ్ళకి కూడా ఒక పేరా ఇవ్వు. శామ్ లాంగ్‌ఫోర్డ్‌కి హెవీవెయిట్ టైటిల్ ఫైట్ దొరకనే లేదు, నల్లవాడు కాబట్టి. 1908లో మొదటి నల్ల హెవీవెయిట్ ఛాంపియనైన జాక్ జాన్సన్ కూడా ఛాంపియనయ్యాక అతనికి ఛాన్సివ్వలేదు. ఇంకో నల్ల బాక్సర్ హ్యారీ విల్స్‌తో డెంప్సీ ఫైటు మాటల్లోనే పోయింది. ఆడని ఫైటుకి రికార్డు పుస్తకంలో గీత కూడా ఉండదు, మరి అక్కడ ఎవడు ముందు ఎవడు వెనక అని ఎలా అంటాం.

కిన్‌షాసాలో అలీ ఫోర్‌మన్‌ని పడగొట్టిన ఫైటు గురించి నువ్వు 'అద్భుతం, అమోఘం, నభూతో' అని మూడు మాటలు వాడి వదిలేశావు. ఆ ఎనిమిదో రౌండు మళ్ళీ చూడు, సౌండు తీసేసి చూడు. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలిసిపోయి చేతులు బరువెక్కి ఉన్నాడు, అలీ తాళ్ళ మీంచి పక్కకి తప్పుకుని కొట్టాడు, ఫోర్‌మన్ గిర్రున తిరుగుతూ పడుతున్నాడు, అలీ కుడిచెయ్యి ఎత్తి రెడీగా పెట్టుకున్నాడు, కానీ కొట్టలేదు, ఆ మనిషి పడేదాకా చుట్టూ తిరుగుతూ చూస్తూ ఉన్నాడు. ఆ కొట్టని దెబ్బ నీ వ్యాసంలో లేదు. (1980లో అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో ఎగ్జిబిషన్ ఆడాడు, మెయిలు రైలుకి టికెట్ డబ్బుల్లేక నేను వెళ్ళలేకపోయా, ఆ కుళ్ళు ఇప్పటికీ ఉంది.)

ఇంతా చెప్పి నాది చెప్పకపోతే బాగోదు. నా తక్కెడ రాయి రెండోది, తన కాలంలో ఎదురొచ్చినోళ్ళలో ఎంతమంది గట్టోళ్ళని కొట్టాడన్నది. దాని ప్రకారం అలీ ఒకటి, లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్ ముగ్గురూ ఒకే మనిషి ఖాతాలో ఉన్నారు కాబట్టి, అదీ మధ్యలో మూడున్నరేళ్ళు రింగుకి దూరమై. లూయిస్ రెండు. మూడు నుంచి నాకూ ఖాయం లేదు, హోమ్స్‌ని పెట్టి తీసి పెడుతుంటా. మాస్టారు మాత్రం చివరి రోజుల్లో పెద్దాసుపత్రి మంచం మీద కూడా లూయిస్సే ఒకటి అన్నారు. ఎందుకని అడిగితే, నర్సు వచ్చి బీపీ చూస్తుంటే చెయ్యి అలాగే చాపి ఉంచి, "ష్మెలింగ్ చేతిలో ఓడిన రెండేళ్ళకి అదే మనిషిని రెండు నిమిషాల్లో లేపేశాడు రా, నువ్వు ఆ టైసన్ వ్యాసం మళ్ళీ రాశావా?" అన్నారు.

నేను రాయలేదు. నువ్వు తిరగరాసిందైతే పదో తారీఖు లోపు పంపు, ఆ తర్వాత మా ఇంట్లో పెళ్ళి పనులు మొదలవుతాయి.

మీ అన్న,
విజయనగరం