ఘరారాకి రెండున్నర మీటర్లు సరిపోతాయా?

సరిపోవండి. మీ కొలతలు (నడుము నుంచి పొడవు 38 అంగుళాలు, సీటు అంటే తుంటి చుట్టు 40), గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలు పెట్టుకుని లెక్క చూడండి.

ఘరారా అంటే మోకాలి దగ్గర అతుకు, దాని కింద కుచ్చిళ్లు ఉండే వదులు పైజామా. షరారాలా పైనుంచి విప్పారదు. అందుకే రెండు ముక్కలుగా లెక్కేయాలి. పై భాగం 20, నాడా మడతకీ కుట్టుకీ 3, మొత్తం 23. ఒక్కో కాలికి 28 అంగుళాల వెడల్పు కావాలి, 44 పన్నాలో రెండు కాళ్లూ పక్కపక్కన పట్టవు. కాబట్టి ఒకదాని కింద ఒకటి, 23 రెండుసార్లు, 46.

అసలు గుడ్డ తినేది కింద భాగమే. మోకాలి చుట్టు 24 అనుకుంటే కుచ్చిళ్లకి దానికి మూడు రెట్లైనా ఉండాలి. కాలికి పూర్తి పన్నా ముక్కలు రెండు, మొత్తం నాలుగు. ఒక్కోదాని పొడవు అంచు మడతతో కలిపి 20, అంటే 80. అన్నీ కలిపి 126 అంగుళాలు, 3.2 మీటర్లు. కాటన్ అయితే తడిపితే కుదించుకుపోతుంది, మూడున్నర తీసుకోవాల్సింది.

మీ దగ్గరున్నది 98 అంగుళాలే. కుచ్చిళ్లు తగ్గించి సర్దుదామని టైలర్ అంటే ఒప్పుకోకండి, పలాజోలా (కుచ్చిళ్లు లేని వదులు ప్యాంటులా) వేలాడుతుంది. ఉన్న గుడ్డంతా కింద భాగానికి వాడేసి, పైకి అదే రంగు ప్లెయిన్ గుడ్డ మీటరుంబావు కొనండి. కుర్తీ మోకాలి దాకా ఉంటే అతుకు ఎవరికీ కనబడదు. రెండు గుడ్డలూ తడిపి ఆరేశాకే కత్తెర పెట్టించండి.