ఇల్లు ఒడిశాలో, ఇంటర్ ఆంధ్రలో: ఎన్‌ఐటీ సీటుకు ఏ కోటా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి పదో తరగతి వరకు ఇక్కడే చదివి, ఇప్పుడు విశాఖపట్నంలో ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. జనవరిలో రాసిన జేఈఈ మెయిన్‌లో 96.8 పర్సంటైల్ వచ్చింది. సీటు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే ఒక వెబ్‌సైటులో వివరాలు నింపితే, రూర్కెలా ఎన్‌ఐటీలో 80 శాతం అవకాశం ఉందని చూపించింది. కాలేజీలో మాస్టారుగారిని అడిగితే రూర్కెలా మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: వెబ్‌సైటులో రాష్ట్రం అడిగిన చోట మీరు ఒడిశా అని నింపి ఉంటారు. మీ ఇల్లు అక్కడే కాబట్టి అది సహజమే. అయితే కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ విద్యాసంస్థలైన ఎన్‌ఐటీలలో సగం సీట్లను సొంత రాష్ట్రం వారికి కేటాయించేటప్పుడు చూసేది ఇంటి చిరునామాను కాదు, పుట్టిన ఊరిని కాదు. విద్యార్థి పన్నెండో తరగతి, అంటే ఇంటర్, ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణత పొందారన్నదే. ఆ లెక్కన మీ అమ్మాయి ఆంధ్రప్రదేశ్ విద్యార్థిని. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆమెకు సొంత రాష్ట్రం కోటా వర్తిస్తుంది. రూర్కెలాలో ఇతర రాష్ట్రాల కోటాలో దేశమంతటి విద్యార్థులతో పోటీ పడవలసి ఉంటుంది. వెబ్‌సైటు లెక్క తప్పు కాకపోవచ్చు, దానికి అందిన వివరమే తప్పు. 1936లో గీసిన సరిహద్దు మహేంద్రతనయ నదికి అవతల ఉన్న పాతపట్నాన్నీ మీ ఊరినీ రెండు రాష్ట్రాలుగా విడదీసింది. మీ ప్రాంతంలో పై చదువులకు ఆ గీత దాటిన ప్రతి కుటుంబానికీ ఈ చిక్కు ఎదురవుతూనే ఉంది.

ఇక 80 శాతం అన్న మాట. ఇటువంటి వెబ్‌సైట్లకు ఆధారం చాలావరకు గత సంవత్సరాల ముగింపు ర్యాంకులే, అంటే ఒక్కో సీటు చివరిగా ఏ ర్యాంకు వరకు దక్కిందన్న లెక్కలే. వాటిని శాతంగా ఎలా మార్చారో చెప్పనప్పుడు ఆ అంకెకు నేనైతే పెద్ద విలువ ఇవ్వను. ఆ ర్యాంకులను మీరే చూడవచ్చు. సీట్లు కేటాయించే జోసా తన వెబ్‌సైటులో ఏటా ప్రతి విడతకూ ప్రారంభ, ముగింపు ర్యాంకులను ప్రకటిస్తుంది. అయితే అక్కడ ఉండేవి ర్యాంకులే కాబట్టి ముందు పర్సంటైల్‌ను ర్యాంకుగా మార్చుకోవాలి. సుమారు 14 లక్షల మంది పరీక్ష రాశారనుకుంటే, 96.8 పర్సంటైల్ అంటే పైన 3.2 శాతం మంది ఉన్నట్టు, అంటే దాదాపు 45 వేల ర్యాంకు. పర్సంటైల్‌లో 0.1 తేడా వచ్చినా ర్యాంకు 1,400 మేర అటూఇటూ అవుతుంది. కనుక ఇప్పుడే ఒక అంకె పట్టుకుని కూర్చోవడం కంటే, 42 వేల నుంచి 48 వేల మధ్య అనుకుని చూడటం మేలు. ఏప్రిల్ విడత కూడా రాస్తే రెండింటిలో మెరుగైన స్కోరునే తీసుకుంటారు.

జోసా చివరి విడత కేటాయింపు ముగింపు ర్యాంకులను మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. అదే కళాశాల, అదే బ్రాంచి, అదే కోటా కావాలి. బాలికలకు విడిగా సీట్లున్నాయి కనుక ఆ వరుసనూ తప్పక చూడాలి. రిజర్వేషన్ ఉన్నవారు చేసే పొరపాటు ఒకటుంది: ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ సీట్ల ముగింపు ర్యాంకులు ఆయా వర్గాల జాబితాలోని ర్యాంకులు, వాటిని సాధారణ ర్యాంకుతో పోల్చకూడదు. మూడేళ్లలోనూ మీ అమ్మాయి ర్యాంకు లోపలే ఉంటే నిబ్బరంగా ఉండవచ్చు. ఒక ఏడాది లోపల, ఒక ఏడాది బయట అయితే ఆశ మాత్రమే ఉంచుకోవాలి.

అలాగని బయట ఉన్నవాటిని ఆప్షన్లలోంచి తీసివేయకండి. జోసా కేటాయింపు పద్ధతిలో పైన పెట్టిన కళాశాల దక్కకపోయినంత మాత్రాన కింద పెట్టినది చేజారదు. కనుక వచ్చేదేదో ఊహించి కాక, కావలసినదాన్ని బట్టి వరుస పెట్టాలి. ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం చాలు. జేఈఈ ధ్యాసలో బోర్డు పరీక్షలను తేలికగా తీసుకునే పిల్లలు ఎక్కువ.

మరో విచిత్రం కూడా గమనించండి. ఎన్‌ఐటీ ఆమెను ఆంధ్ర విద్యార్థినిగా లెక్కిస్తే, రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఆంధ్ర ఈఏపీసెట్ మాత్రం చదువు ప్రాతిపదికన స్థానికతకు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు అడుగుతుంది. ఆమె ఆంధ్రలో చదివినవి రెండేళ్లే. ఇందుకు భిన్నంగా, ఒడిశా ప్రభుత్వ కళాశాలల బీటెక్ ప్రవేశాలు జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే జరుగుతాయి, అక్కడ మీ ఒడిశా నివాసం లెక్కకు వస్తుంది. బరంపురంలో మీ ఊరి మహారాజా పేరు మోస్తున్న ఇంజనీరింగ్ కళాశాల, బుర్లాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఆ దారిలోనివే. నివాస ధ్రువపత్రం ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. జేఈఈ దరఖాస్తులో మాత్రం అర్హత రాష్ట్రం దగ్గర ఒడిశా అని పడిందేమో ఈ రోజే చూసి, సవరణకు గడువు తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌గా మార్పించండి.