బడి తెరిచిన వారం: పిల్లల్ని ఎలా మెచ్చుకుందాం? మీ ప్రశ్నలు, మేడమ్ జవాబులు

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, చివర్లో హెచ్చెమ్‌గా చేసి రిటైరయ్యాను. ఈ నెల మీరు పంపినవాటిలో ఎక్కువ ఉత్తరాలు ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఇవే తీసుకుంటున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఈసారి టెన్త్‌లో మా అమ్మాయి ఒకామెకి 571 వచ్చాయి, ఎనిమిదిలో ముగ్గురికి కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఎన్‌ఎంఎంఎస్ వచ్చింది, ఒక బాబు ఖోఖోలో జిల్లా జట్టుకి ఆడాడు. జూన్ 12న బడి తెరవగానే ఆ వారంలోనే అభినందన సభ పెడదాం అని హెచ్చెమ్ గారు నాకు అప్పజెప్పారు. స్టాఫ్‌లో కొందరేమో ఆగస్టు 15కి ఎలాగూ ప్రైజులు ఇస్తాం కదా, అడ్మిషన్లు పుస్తకాల పంపిణీ వదిలేసి ఇప్పుడెందుకీ హడావుడి అంటున్నారు. డబ్బులు కూడా పెద్దగా లేవు. ఏం చేయమంటారు?

జవాబు: జూన్‌లోనే పెట్టండి టీచర్ గారూ, ఆగస్టు దాకా ఆగొద్దు. ఆగస్టు 15 నాటికి మీ 571 అమ్మాయి ఏ నూజివీడు ట్రిపుల్ ఐటీలోనో, ఒంగోలు హాస్టల్లోనో ఉంటుంది, ఆ పిల్ల పేరు చదివితే వాళ్ళ నాన్న వచ్చి ప్రైజు తీసుకెళ్తాడు, కింద కూర్చున్న పిల్లలకి ఆమె మొహం కూడా కనపడదు. నా మటుకు నాకు ఈ సభ పాసైపోయినవాళ్ళ కోసం కాదండీ, వాళ్ళకి మార్కుల మెమో వచ్చేసింది, ఇంట్లో స్వీట్లు పంచేశారు. వేప చెట్టు కింద కూర్చున్న కొత్త పదో తరగతి పిల్లలున్నారు చూడండి, మొన్నటిదాకా తొమ్మిది, ఇప్పుడు అందరూ పబ్లిక్ పబ్లిక్ అని భయపెడుతుంటే బిక్కచచ్చి ఉన్నవాళ్ళు, వాళ్ళ కోసం. ప్రైమరీ నుంచి కొత్తగా ఆరులో చేరి గోడవారగా నిలబడే పిల్లల కోసం కూడా.

అందుకని ప్రసంగాలు తగ్గించి ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి. నేను హెచ్చెమ్‌గా ఉన్నప్పుడు జరిగింది చెప్తా. ఆ ఏడు మా బడి ఫస్ట్ వచ్చిన పిల్లని మాట్లాడమంటే నోట మాట రాలేదు, మైకు దగ్గర ఒక నిమిషం అలాగే నిలబడిపోయింది. తర్వాత భుజానున్న గుడ్డ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని కత్తిరించి గోనెపట్టా కుట్టే దారంతో వాళ్ళమ్మ కుట్టిచ్చిన పుస్తకం. ప్రతి పేజీకీ మధ్యలో గీత, ఎడమ పక్క తను తప్పు చేసిన లెక్క తప్పుతో సహా, కుడి పక్క అదే లెక్క సరిగ్గా, కింద ఎర్ర పెన్నుతో ఒక ముక్క "ఇక్కడ మైనస్ మర్చిపోయా" అనో "ప్రశ్న పూర్తిగా చదవలేదు" అనో. ఇది నా తప్పుల పుస్తకం అండీ అని పైకెత్తి చూపించింది, అంతే, ఇంకేం మాట్లాడలేదు. సభ అయ్యాక పదో తరగతి పిల్లలు ఆ పుస్తకం చుట్టూ మూగితే ఫస్ట్ బెల్లు కొట్టినా ఎవరూ క్లాసుకి కదల్లేదు, నేను కూడా కదల్చలేదు. ఆ నెలలో కనీసం పదిహేను తప్పుల పుస్తకాలు నా టేబుల్ మీదకొచ్చాయి. నేను పదేళ్ళుగా చెప్తున్న మాటే, కానీ నేను చెప్తే ఎక్కలేదు వాళ్ళకి.

రెండోది, సర్టిఫికెట్ మీద ఏం రాస్తారో దాని మీద కూర్చోండి, మీరు తెలుగు టీచర్ కాబట్టి మీకు చేతనవుతుంది. "ప్రతిభావంతురాలు", "చదువుల తల్లి" లాంటివి వద్దు. ఏం చేసిందో అది రాయండి. "హాఫ్ ఇయర్లీలో సైన్సులో 48 తెచ్చుకుని, రోజూ సాయంత్రం అరగంట ఉండి పబ్లిక్‌లో 91 తెచ్చుకుంది" అని రాస్తే కింద వినే పిల్లకి నేనూ ఉండొచ్చు కదా అరగంట అనిపిస్తుంది. తెలివైనదానివి అంటే ఏమనిపిస్తుంది, అది పుట్టుకతో వచ్చిందేమో మనకి లేదులే అనిపిస్తుంది. అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే ఇద్దరు 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది, తెలివైనవాళ్ళు అని పొగిడిన పిల్లలు తర్వాత ఎక్కువగా సులువైన లెక్కలు ఎంచుకున్నారు, బాగా కష్టపడ్డారు అని మెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది కష్టమైనవి కావాలన్నారు. అది చదివినప్పుడు నేను అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ గుర్తొచ్చి చాలా బాధపడ్డాను.

సప్లిమెంటరీ పిల్లల్ని మర్చిపోకండి ప్లీజ్. మార్చిలో లెక్కల్లో పోయి, మే ఎండల్లో చదివి పాసైన పిల్లవాడు చేసిందేం తక్కువ పని కాదు. ముందు వాడిని విడిగా అడగండి, స్టేజీ మీదకి వస్తావా నాన్నా అని, వస్తానంటే పిలవండి. వచ్చినవాడు చెప్పే రెండు ముక్కలు మీ తొమ్మిదీ పదీ తరగతుల వెనక బెంచీలకి 571 కంటే దగ్గరగా ఉంటాయి.

ఖోఖో బాబుని చివర్లో చేత్తో చెయ్యి కలిపి పంపించేయొద్దు, టెన్త్ అమ్మాయికి ఎంత టైం ఇచ్చారో వాడికీ అంతే ఇవ్వండి. మండలం ఆడి, జిల్లా జట్టులోకి రావడం అంటే ఎన్ని తెల్లవారుజాములు లేచి ఉంటాడో పీడీ సార్‌ని అడగండి. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు 14 ఏళ్ళు కూడా నిండలేదు, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే పిల్ల, తోడుగా ఖమ్మం జిల్లా బాబు ఆనంద్ కుమార్. ఆ జూన్‌లో మా బడి తెరిచిన మొదటి రోజు ఆడపిల్లలు నా దగ్గరకొచ్చి టెన్త్ రిజల్ట్ గురించి అడగలేదు, వాళ్ళని అంతెత్తుకి ఎవరు తీసుకెళ్ళారు మేడమ్, మనల్నీ తీసుకెళ్తారా అని అడిగారు.

ఇక చేయకూడనివి. ఎమ్మెల్యే గారొస్తారని పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టొద్దు, జూన్ రెండో వారంలో మన ప్రకాశం ఎండ సంగతి మీకు చెప్పాలా. ప్రేయర్ అవగానే మొదలుపెట్టి ఫస్ట్ పీరియడ్‌లో ముగించేయండి. ఇంకోటి చాలా ముఖ్యం, పేరు చదివేటప్పుడు కులం కేటగిరీ చదవొద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో ఆఫీసు లిస్టు ఉన్నదున్నట్టు మైకులో చదివేశారు, ఎస్సీ బాలికల్లో ప్రథమ అని. ఆ పిల్లకి వచ్చిన మార్కులు మొత్తం బడిలోనే ఫస్ట్. స్టేజీ మెట్ల దగ్గర ఆగి ఒక్కసారి మైకు పట్టుకున్నాయన వైపు చూసింది, ప్రైజు తీసుకుంది, దించిన తల ఎత్తకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నేను లేచి సరిచేయలేదు, కొత్తదాన్ని కదా అని ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ పిల్ల చూపు నాకు గుర్తే.

డబ్బుల సంగతా, ప్రైజుకి స్టీలు గ్లాసులు, సబ్బు పెట్టెలు కొనకండి. ఒక డిక్షనరీయో, కంపాస్ బాక్సో చాలు. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో మీ బడిలో పాత ఆనర్ బోర్డు ఉంటే దానికి రంగు వేయించండి. పాత హైస్కూళ్ళలో ఉంటుంది, హెచ్చెమ్ రూం బయట ఏడాది, పేరు, మార్కులు తెల్ల పెయింటుతో రాసిన చెక్క బోర్డు, చాలా చోట్ల మధ్యలో ఎక్కడో రాయడం ఆపేశారు. మా బడిలో ఆగిపోయిన ఏళ్ళన్నీ పాత రిజిస్టర్లు తీసి పూర్తి చేయించాం. ఒక ఆరో తరగతి పిల్ల రోజూ నీళ్ళకి వెళ్తూ ఆ బోర్డు దగ్గర ఆగేది, ఎందుకే అంటే మా అమ్మ పేరుంది మేడమ్ అంది. ఫ్లెక్సీ ఐతే నాలుగు వానలకి మేకల కొట్టం మీదకి పోతుంది.

ప్రశ్న: మేడమ్, మా బాబు టెన్త్ 352 మార్కులతో పాసయ్యాడు. వాడు చదివిన ప్రైవేట్ స్కూల్‌లో 500 దాటినవాళ్ళనే పిలిచి సన్మానం చేశారు, ఊరంతా వాళ్ళ ఫోటోలే. మావాడు ఆ రోడ్డున వెళ్ళడమే మానేశాడు, చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. నేను ఏం చెప్పాలి వాడికి? (గుంటూరు నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మా, ముందు మీరు వాడి మెమో తీసి సబ్జెక్టుల వారీగా చూడండి, మొత్తం చూడకండి. 352లో ఎక్కడో ఒక సబ్జెక్టు మిగతావాటికంటే పైన ఉంటుంది, దాని గురించి వాడితో మాట్లాడండి, ఎలా వచ్చాయిరా ఇందులో అని. వాడు జవాబు చెప్తున్నప్పుడు మధ్యలో "మిగతావాటిలో కూడా ఇలాగే" అని మాత్రం అనకండి, ఆ ఒక్క మాటతో నోరు మూసేస్తారు పిల్లలు. తర్వాత ఇంట్లోనే అందరూ కూర్చుని భోంచేయండి, వాడికి ఇష్టమైంది వండండి. పాసయ్యాడమ్మా మీవాడు, అది చిన్న విషయం అని ఎవరు చెప్పినా వినొద్దు.

ఆ ఫోటోల గురించి ఒక మాట. టెన్త్ ఫలితాల్లో ర్యాంకులు చెప్పుకుని ప్రచారం చేయొద్దు అని మన ఏపీ ప్రభుత్వం 2022లో ఉత్తర్వే ఇచ్చింది, మీరితే శిక్ష కూడా ఉందని చెప్పింది. అంటే ఈ బాధ మీ ఒక్క ఇంట్లోది కాదు, ప్రభుత్వం దాకా వెళ్ళిన బాధ. వీలైతే ఒకసారి స్కూల్‌కి వెళ్ళి ప్రిన్సిపాల్‌తో నెమ్మదిగా చెప్పండి, పాసైన పిల్లలందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర పెట్టండి సార్, మార్కులు అక్కర్లేదు అని. నేనైతే అడుగుతాను. కాదంటే కాదంటారు, కానీ మావాడి కోసం మా అమ్మ వెళ్ళి అడిగింది అన్నది వాడికి ఉండిపోతుంది.

ప్రశ్న: మేడమ్ నేను 9వ తరగతి. నాకు ఎన్‌ఎంఎంఎస్ వచ్చింది. మా ఫ్రెండ్‌కి కొద్దిలో పోయింది, ఇద్దరం కలిసే చదివాం. నన్ను స్టేజీ మీదకి పిలుస్తారంట, తను అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. నేను ఆ రోజు బడి మానేద్దాం అనుకుంటున్నా.

జవాబు: మానొద్దు తల్లీ. స్టేజీ ఎక్కు, మాట్లాడమంటే మేమిద్దరం కలిసి చదివాం అని తన పేరు చెప్పు. అయితే ముందు రోజే తనకి చెప్పు, రేపు నీ పేరు చెప్తానే, నీకు ఇష్టమేనా అని. వద్దంటే చెప్పకు. మాట్లాడకపోవడం నాలుగు రోజులుంటుంది, నువ్వు మాత్రం పక్కన కూర్చోవడం మానకు.

ఇంకో సంగతి, ఇది మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆ స్కాలర్‌షిప్ నెలకి 1000 చొప్పున ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు వస్తుంది, నీ బ్యాంక్ అకౌంట్‌లోనే పడుతుంది. కానీ ప్రతి ఏడూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యూవల్ చేయాలి, అది మర్చిపోయి డబ్బులు పోగొట్టుకున్న పిల్లల్ని నేను చాలామందిని చూశా. మధ్యలో ప్రైవేట్ స్కూల్‌కి మారితే ఆగిపోతుంది. మీ టీచర్లు కూడా ఇది చదువుతుంటే, శాలువా కప్పే రోజే ఆ పిల్లలకి రెన్యూవల్ సంగతి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రశ్న: పోయిన ఏడు ఒక్కరోజు కూడా బడి మానని పిల్లలకి ఫుల్ అటెండెన్స్ అవార్డు ఇద్దామనుకుంటున్నాం, మంచిదేనా? (నల్గొండ నుంచి ఒక పీడీ సార్)

జవాబు: మీ ఉద్దేశం మంచిదే సార్, కానీ నేను ఇవ్వను. జ్వరంతో కూడా వచ్చిన పిల్లకి మనం ప్రైజిస్తే రేపు అందరూ జ్వరంతో వస్తారు. పత్తి ఏరడానికి ఇంట్లో ఆపేస్తే రాలేని పిల్లకి ఆ అవార్డు ఎప్పటికీ రాదు, తప్పు తనది కాదు. కాలిఫోర్నియాలో 15 వేలమందికి పైగా ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు, ముందు చెప్పకుండా ఫుల్ అటెండెన్స్‌కి అవార్డు ఇచ్చిన పిల్లలు ఆ తర్వాత నెలలో ఇంకొంచెం ఎక్కువ మానేశారంట. దానికి బదులు పోయిన ఏడు సగం రోజులు రాక, తర్వాత రావడం మొదలుపెట్టిన పిల్ల ఉంటే ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పి రండి, మీ పాప వస్తోందమ్మా, మాకు సంతోషంగా ఉంది అని.

ప్రశ్న: మేడమ్, నేను టెక్సస్‌లో ఉంటాను, మా ఊరి జడ్పీ హైస్కూల్లోనే చదువుకున్నాను. ప్రతి జూన్‌లో టెన్త్ టాపర్‌కి 25,000 ఇవ్వాలనుకుంటున్నా మా నాన్నగారి పేరు మీద. ఎలా ఇస్తే బాగుంటుంది?

జవాబు: చాలా సంతోషం బాబూ. మొత్తం ఒక్కరికే ఇవ్వకు. ఒకటీ రెండు మార్కుల తేడాతో ఒకరికి 25,000, ఇంకొకరికి చప్పట్లు అంటే ఆ ఇద్దరు పిల్లలకీ మంచిది కాదు, ఊళ్ళో మాటలు కూడా వస్తాయి. టాపర్‌కి ఐదు వేలు ఇవ్వు. మిగతాది హెచ్చెమ్ గారితోనూ పేరెంట్స్ కమిటీతోనూ మాట్లాడి, పాసై ఇంటర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరుతూ డబ్బుకి ఆగిపోయే పిల్లలకి పెట్టు, హాస్టల్ ట్రంకు పెట్టె, దుప్పటి, మొదటి నెల బస్ పాస్, పుస్తకాలు. జూన్‌లో ఆ చిన్న ఖర్చుల దగ్గరే ఆగిపోతారు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఎవరికిచ్చారో స్టేజీ మీద చదవొద్దని కూడా చెప్పు.

నువ్వు ఆ రోజు రాలేవు కాబట్టి ఒక ఉత్తరం రాసి పంపు, చేత్తో, తెలుగులో. ఆ బడిలో ఏ బెంచీలో కూర్చున్నావో, ఏ సబ్జెక్ట్‌లో ఇబ్బంది పడ్డావో, మీ నాన్నగారు ఏం పని చేసి చదివించారో రాయి. మీ తెలుగు టీచర్ గారు చదివి వినిపిస్తారు.