టాప్‌స్టిచ్ గీసినట్టు ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో జీన్స్ ప్యాంటు డిజైన్ చేస్తున్నాను. ఫిట్టింగ్ బాగానే కుదిరింది. టాప్‌స్టిచ్ (అతుకు పక్కన పైకి కనిపించే కుట్టు వరుస) పెట్టగానే మాత్రం పెన్నుతో గీతలు గీసినట్టు ఉంటోంది. దారం మందం, రంగు ఎంత మార్చినా అంతే. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: పొరపాటు దారంలో లేదండీ. సీమ్ (రెండు ముక్కల్ని కలిపే అతుకు) లోపలి మార్జిన్ ఎటు పడుకోవాలో మీరింకా తేల్చుకోలేదు. రెండు ముక్కలు అతికాక లోపల మిగిలే గుడ్డని ఒక పక్కకి మడిచి ఇస్త్రీ చేస్తే, టాప్‌స్టిచ్ ఆ పక్కనే పడుతుంది, లోపలి గుడ్డని కదలకుండా పట్టి ఉంచేది అదే కాబట్టి. అందుకే నిజం ప్యాంటులో ఆ పక్క కొంచెం ఎత్తుగా ఉంటుంది, అవతలి పక్క పల్లంగా. స్క్రీన్ మీద మీరు ఏ పక్క చెబితే ఆ పక్క కుట్టు వచ్చేస్తుంది, తప్పని ఎవరూ చెప్పరు.

కొలతలూ అంతే. మొదటి వరుస సీమ్‌కి 2 మి.మీ. దూరంలో, రెండోది దానికి 6 మి.మీ. అవతల అనుకుందాం, అంటే మొత్తం 8. మార్జిన్ 7 మాత్రమే వదిలారనుకోండి, రెండో వరుసలో సూది ఒంటి గుడ్డలోనే దిగుతుంది. చూడ్డానికి బాగున్నా, కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాక ఇబ్బంది పడతారు.

నేను అన్నిటికంటే ముందు చూసేది వెనక వైపు, రెండు యోక్‌లూ (నడుము పట్టీ కింద అతికే ముక్కలు) నడిమి సీమ్‌తో కలిసే చోటు. మామూలుగా యోక్‌ని ముందే అతికి, దాని టాప్‌స్టిచ్ వేసేశాకే నడిమి సీమ్ కుడతారు, కాబట్టి యోక్ వరుసలు ఆ సీమ్ దగ్గర ఆగిపోవాలి, నడిమి వరుసలు మాత్రం తెగకుండా పైదాకా వెళ్లాలి. అన్ని వరుసలూ ఒకదాని మీదుగా ఒకటి దాటిపోయాయంటే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది.

కుట్టు పొడవు అంగుళానికి 8 చొప్పున, అంటే సుమారు 3 మి.మీ. పెట్టండి. క్లో, మార్వెలస్ డిజైనర్‌ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లలో పార్టికల్ డిస్టెన్స్ (గుడ్డని లెక్కగట్టే చుక్కల మధ్య దూరం) మొదట 20 మి.మీ. ఉంటుంది, చివర్లో 5కి తగ్గిస్తే సీమ్ పక్కన చిన్న ముడతలు కూడా తేలతాయి. మొదటి నుంచీ 5 పెట్టుకుంటే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది, అనవసరమైన టెన్షన్.

ఈలోపు మీ దగ్గరున్న జీన్స్ ఒకటి తిరగేసి, ఒక్కో సీమ్ ఎటు మడిచారో కాగితం మీద బాణాలు గీసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఫైల్ మళ్లీ తెరవండి.